వాళ్ల పేర్లేమిటి, అయ్యగారూ?

(బెంగళూరులో తెలుగు సంఘాల యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మాకిచ్చిన అంశం 'ఆపదలో చిక్కుకున్న వలస కార్మికులు, సంఘం బాధ్యత'. దీని మీద ప్రసంగం చేయడం కష్టమేమీ కాదు. పరదేశిని గురించి వాక్యంలో కావలసినన్ని మాటలున్నాయి. అయితే ప్రియులారా, వాక్యం తెరిచే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అది మా సంఘం చేసిన తప్పు. కాపరిగా అందులో మొదటి భాగం మాది.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచే 21 రోజులు దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మధ్యలో మిగిలింది నాలుగు గంటలు. ఇల్లున్నవాడు ఆ నాలుగు గంటల్లో పాలు, కూరగాయలు తెచ్చుకున్నాడు. రోజు కూలి మీద బతికే మనిషి, పైగా సొంత ఊరు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్నవాడు ఏం చేయగలడు?

మా మందిరానికి ఎదురుగా, రోడ్డు దాటితే, అప్పట్లో ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పక్కనే రేకుల షెడ్లు. ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన కుటుంబాలు, పిల్లలతో కలిపి నలభై మంది దాకా ఉండేవాళ్లు. ఏడాదికి పైగా అక్కడే ఉన్నారు. ఆదివారం ఆరాధనకు వచ్చినప్పుడు మా సంఘస్థులు బండ్లు ఆపుకునేది ఆ షెడ్ల పక్కనే. ఆ పిల్లలు గోడ బయట నిలబడి మా పాటలు వినేవాళ్లు.

లాక్‌డౌన్ రాగానే మా కమిటీ బాగానే కదిలింది. సంఘంలో ఆటో తోలేవాళ్లు, ఇళ్లలో పనిచేసే అక్కలు, విధవరాండ్రు ఎవరెవరున్నారో జాబితా రాశాం. మూడో రోజుకల్లా వాళ్లకు బియ్యం, పప్పు చేరాయి. అప్పుడు మీ వయసు తమ్ముడొకడు ఫోను చేసి, "ఎదురు షెడ్ల వాళ్ల సంగతేంటి అయ్యగారూ?" అని అడిగాడు.

దాని మీద ఫోనులోనే కమిటీ పెట్టాం. ఒకరు, "కానుకల డబ్బు సంఘస్థులది కదా" అన్నారు. ఇంకొకరు, "హాలు తెరిస్తే పోలీసులు ఏమంటారో" అన్నారు. మరొకరు, "వాళ్లకు కాంట్రాక్టరు ఉన్నాడు, ముందు అతన్ని అడుగుదాం" అన్నారు. ఎవరూ దుర్మార్గంగా మాట్లాడలేదు. అన్నీ జాగ్రత్త మాటలే. ఆ జాగ్రత్తతోనే ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు పొద్దున నలభై మందికి సరిపడా సరుకులు ఆటోలో వేసుకుని రోడ్డు దాటాం.

షెడ్లు ఖాళీ. పొయ్యి రాళ్లు అలాగే ఉన్నాయి. తాడు మీద ఒక చిన్న గౌను ఆరేసి ఉంది. వాచ్‌మన్ చెప్పాడు, ముందు రోజు రాత్రే నడిచి వెళ్లిపోయారని. కాంట్రాక్టరు ఫోను ఆపేశాడట, పదిహేను రోజుల కూలి ఇవ్వలేదట.

ఆ ఆదివారం మందిరం మూసి ఉంది కాబట్టి ఫోనులోనే ప్రార్థన పెట్టుకున్నాం. వాళ్ల క్షేమం కోసం ప్రార్థన చేద్దామని మేము అన్నాం. మా సంఘంలో డెబ్బై దాటిన ఒక అమ్మ ఉంది. ఆమె అడిగింది: "వాళ్ల పేర్లేమిటి, అయ్యగారూ? పేర్లు చెప్తే రోజూ ప్రార్థనలో పెట్టుకుంటాను."

మా దగ్గర ఒక్క పేరు కూడా లేదు. ఏడాది పాటు ఎదురుగా ఉన్న నలభై మందిలో ఒక్కరి పేరు మాకు తెలియదు. ఊరు తెలియదు, ఫోను నంబరు తెలియదు. వెతకాలన్నా ఎక్కడని వెతుకుతాం? వాళ్లు ఇల్లు చేరారో లేదో ఈ రోజుకీ తెలియదు.

మన ఐగుప్తు

ఆ అమ్మే ఇంకో మాట కూడా చెప్పింది. "మా అమ్మ రంగూన్ నుంచి నడిచొచ్చిన మనిషి అయ్యగారూ. అప్పటికి పన్నెండేళ్లు. దారిలో తమ్ముడు పోయాడు. వాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. అమ్మ బతికినంత కాలం ప్రార్థనలో వాడి పేరు చెప్పేది. ఒక్కరైనా చెప్పాలి కదా."

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఒకప్పుడు బర్మా రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి పనికి వెళ్లిన తెలుగువాళ్లు వేల మంది. యానానికి దగ్గరలో ఉన్న కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కేవాళ్లు కాబట్టి బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరు వచ్చింది. ఆ పేరును అక్కడ గౌరవంగా పిలిచేవాళ్లు కాదు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత నెలల్లో లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటుకుంటూ అరకాన్ వైపు, అస్సాం వైపు నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే వేల మంది రాలిపోయారు. ఆ దారుల్లో కూడా తెల్లవాళ్లకు ఒక వసతి, కూలీలకు ఇంకొక వసతి.

బర్మా ఒక్కటే కాదు. కోలారు బంగారు గనుల్లో దిగినవాళ్లు, భివండీ మగ్గాల మీద కూర్చున్నవాళ్లు, ఊరూరా ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు, అందరూ మనవాళ్లే. ఈ రోజు మనకు ఇక్కడ ఇళ్లున్నాయి, రేషన్ కార్డులున్నాయి, మందిరాలున్నాయి. మన తాతలు మాత్రం భాష రాని ఊళ్లో రేకుల షెడ్డు కింద మొదలుపెట్టినవాళ్లే. లేవీయకాండము 19వ అధ్యాయం 34వ వచనంలో దేవుడు పరదేశిని ప్రేమించమని చెప్తూ, దానికి కారణం కూడా చెప్తాడు. మీరూ ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు కదా అంటాడు. బెంగళూరు తెలుగువాడికైనా, ముంబయి తెలుగువాడికైనా, బరంపురం తెలుగువాడికైనా ఒక ఐగుప్తు ఉంది. దాన్ని మరిచిపోతే ఆ ఆజ్ఞ మన చెవికి ఎక్కదు.

హాగరును అడిగిన రెండు ప్రశ్నలు

ఇప్పుడు ఆదికాండము 16వ అధ్యాయానికి వద్దాం. హాగరు ఐగుప్తు స్త్రీ. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో దాసి. ఆ అధ్యాయాన్ని ఇంటికి వెళ్లాక మెల్లగా చదవండి. శారయి ఆమె గురించి మాట్లాడినప్పుడు నా దాసి అంటుంది. అబ్రాము నీ దాసి అంటాడు. ఇద్దరూ విశ్వాస వీరులే. ఇద్దరి నోటా ఆమె పేరు రాదు. ఆమె ఒంటితో పని ఉంది కానీ ఆమె పేరుతో వాళ్లకు పని లేదు.

గర్భవతిగా ఉండి, శ్రమ తట్టుకోలేక ఆమె పారిపోయింది. వెళ్లింది షూరు మార్గాన, అంటే ఐగుప్తు వైపు. సొంత ఊరి దారి పట్టింది. 2020లో మన జాతీయ రహదారుల మీద మనం చూసినది కూడా అదే. కష్టం వస్తే మనిషి కాళ్లు ఊరి వైపే తిరుగుతాయి.

అక్కడ నీటి బుగ్గ దగ్గర యెహోవా దూత ఆమెను కనుగొన్నాడు. మొదట పేరు పెట్టి పిలిచాడు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగాడు. ఎక్కడి నుంచి వచ్చావు? ఎక్కడికి వెళ్తున్నావు? దూతకు తెలియక అడిగాడా? కాదు. ఆమె నోటితో ఆమె కథ చెప్పనిచ్చాడు. ఆ అధ్యాయంలో మనకు మింగుడుపడని మాటలూ ఉన్నాయి, తిరిగి యజమానురాలి దగ్గరికి వెళ్లమన్న మాట ముఖ్యంగా. దాన్ని తేలిగ్గా దాటేయం, మరో రోజు దాని మీదే కూర్చుందాం. ఈ రోజుకు ఇంతవరకు పట్టుకోండి: పేరుతో పిలవబడిన ఆ దాసి చివరికి తానే దేవునికి ఒక పేరు పెట్టింది, తనను చూసే దేవుడని.

మేము సరుకుల సంచి పట్టుకుని వెళ్లాం. దూత పేరుతో మొదలుపెట్టాడు. మేము ఎక్కడ తప్పామో ఆ తేడాలోనే ఉంది.

జాబితాలో లేనివాడు

పేరు పెట్టి పిలవడం అంటే ప్రేమగా మాట్లాడటం ఒక్కటే అనుకోకండి. ఆపద కాలంలో సహాయం జాబితా వెంటే నడుస్తుంది. రేషన్ కార్డు జాబితా, బోర్డు జాబితా, రైలు ఎక్కేవాళ్ల జాబితా. జాబితాలో పేరు లేనివాడి దగ్గరికి ఏదీ చేరదు.

ఒడిశా నుంచి దాదన్ కూలీలను తీసుకుపోయే పద్ధతిలో జరిగే దోపిడీని చూసి, 1979లో మన దేశంలో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. ఐదుగురు, అంతకు మించి కార్మికులను వేరే రాష్ట్రం నుంచి తెచ్చే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని ఆ చట్టం చెప్పింది. ప్రతి కార్మికుడికీ ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలంది. ప్రయాణ ఖర్చు ఇవ్వాలంది. చట్టం చేసి నలభై ఏళ్లు దాటాక, 2020లో ఎంతమంది చేతిలో ఆ పాస్‌బుక్కు ఉంది? ఆ చట్టాన్ని అదే సంవత్సరం కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు.

పేరు ఎక్కడా లేకపోతే ఏమవుతుందో ఆ రెండు నెలల్లో చూశాం. ములుగు ప్రాంతంలో మిరపకాయలు ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా పన్నెండేళ్ల పిల్ల మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకుండానే ఏప్రిల్ 18న చనిపోయింది. మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో కర్మాడ్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మందిని గూడ్సు రైలు చంపింది. వాళ్లు జాల్నాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసే మధ్యప్రదేశ్ కార్మికులు. మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అప్పటికే లాక్‌డౌన్ వచ్చి ఐదు వారాలు. ఇక్కడ కర్ణాటకలో మే మొదటి వారంలో, బిల్డర్లతో సమావేశం తర్వాత ప్రభుత్వం కార్మికుల రైళ్లను రద్దు చేసింది. దేశమంతా విమర్శ వచ్చాక మళ్లీ నడిపింది. కార్మికుడు వెళ్లిపోతే పని ఆగుతుందన్న లెక్క అది. నా దాసి, నీ దాసి అన్న మాటకు ఇది కొత్త రూపం.

ఆ సెప్టెంబరులో, దారిలో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది. అది పేపరులో చదివి మాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ రాత్రి ఆ అమ్మ ప్రశ్న మళ్లీ గుర్తుకు వచ్చింది. లెక్క లేనిది ప్రభుత్వం దగ్గరేనా? మా మందిరం రిజిస్టర్లో బాప్తిస్మాలున్నాయి, పెళ్లిళ్లున్నాయి, కానుకలు రూపాయితో సహా ఉన్నాయి. రోడ్డు అవతల ఉన్న నలభై మంది లేరు.

పొద్దుగూకక ముందే కూలి

అసలు వాళ్లు ఎందుకు నడిచారు? కూలి రాలేదు కాబట్టి నడిచారు. స్ట్రాండెడ్ వర్కర్స్ యాక్షన్ నెట్‌వర్క్ వాలంటీర్లు లాక్‌డౌన్ మొదటి వారాల్లో 11 వేల మందికి పైగా కార్మికుల పరిస్థితి తెలుసుకున్నారు. వాళ్లలో 89 శాతం మందికి లాక్‌డౌన్ కాలానికి యజమాని ఏమీ ఇవ్వలేదు. కూలి కోత పెట్టకుండా ఇవ్వాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మే నెలలో ఆ ఉత్తర్వు పోయింది.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 14, 15 వచనాలు తీయండి. కూలివాని కూలి ఆ రోజే, సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలి. వాడు నీ సహోదరుడైనా, నీ ఊళ్లో ఉన్న పరదేశి అయినా సరే. ఇవ్వకపోతే వాడు దేవునికి మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది. అన్నదానం గురించి కాదు అక్కడ మాట్లాడుతున్నది, బాకీ గురించి. బియ్యం సంచి ఇచ్చి మనం దాతలమయ్యాం అనుకుంటాం. ఆ మనిషి బిచ్చగాడు కాదు ప్రియులారా, అతనికి రావలసిన డబ్బు ఎవరి దగ్గరో ఉంది. అన్నం పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. దానితో పాటు ఆ డబ్బు ఎవరి దగ్గరుందో కూడా అడగాలి.

నోటుబుక్కు

ఆ సంవత్సరం చివర్లో మా యౌవనస్థులు ఒక నోటుబుక్కు కొన్నారు. మీరు చేయగలిగిన పని కాబట్టి ఎలా చేస్తున్నారో చెప్తాం.

నెలకొక ఆదివారం, ఆరాధన అయ్యాక ఇద్దరిద్దరుగా దగ్గరి సైట్లకు వెళ్తారు. చేతిలో కరపత్రం ఉండదు, కెమెరా ఉండదు. కూర్చుని టీ తాగుతారు. పేరు అడుగుతారు. ఎక్కడి నుంచి వచ్చారు? ఇక్కడి పని అయ్యాక ఎక్కడికి వెళ్తారు? అవతలి మనిషి ఇష్టపడితేనే రాస్తారు: పేరు, ఊరు, ఇంటి దగ్గర ఒకరి ఫోను నంబరు, మేస్త్రీ పేరు, ఈ నెల ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ.

తర్వాత కాగితాల పని. ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల లోపు అసంఘటిత కార్మికులకు అందులో నమోదు ఉచితం. 2021 జూన్ 29 తీర్పులో సుప్రీంకోర్టు ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకాన్ని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని గడువు పెట్టింది. అంటే ఊళ్లో ఉన్న కార్డు మీదే ఇక్కడి రేషన్ షాపులో తన వాటా బియ్యం తీసుకోవచ్చు, మిగతా వాటా ఇంటి దగ్గర వాళ్లు తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక కిలో బియ్యం బజారు ధరకు కొనుక్కుంటున్నవాళ్లు మాకు ఇప్పటికీ కనబడుతున్నారు. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు చేరవచ్చు. ఫారాలు కన్నడంలో ఉంటాయి. వాళ్లకు ఒడియా, హిందీ, బెంగాలీ వచ్చు. మధ్యలో నిలబడగలిగింది మీరే. తెలుగు ఇంట్లో పుట్టి, కన్నడ బడిలో చదివి, హిందీ కూడా మాట్లాడే పిల్లలు మీరు. ఈ మూడు భాషలు దేవుడు మీకు ఉద్యోగం కోసమే ఇచ్చాడా?

రెండేళ్ల క్రితం మా దగ్గర ఒక సైటు సగంలో ఆగిపోయింది. పదకొండు మంది మిగిలిపోయారు. మేస్త్రీ ఫోను ఎత్తడు. ఈసారి మా దగ్గర పేర్లున్నాయి, పనిదినాలు రాసి ఉన్నాయి. లా చదివే మా చెల్లెలొకామె జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ రాసింది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు, విపత్తు బాధితులకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోను చేసినా దారి చెప్తారు. మూడు నెలలు తిరిగితే రావలసిన దానిలో సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది. మొత్తం రాలేదు. ఆ మూడు నెలలూ వాళ్లు పడుకున్నది మందిరం హాల్లో. దానికి కమిటీ పెట్టలేదు. ఆపద వస్తే ఎవరిని అడగకుండా హాలు తెరవాలని ముందే తీర్మానం రాసి పెట్టుకున్నాం. మీ సంఘాల్లో కూడా ఆ తీర్మానం ఈ నెలలోనే రాయించండి. ఆపద వచ్చాక చర్చ మొదలుపెడితే ఆరు రోజులు పడుతుంది. ఆరు రోజుల్లో మనిషి చాలా దూరం నడుస్తాడు.

మూడు జాగ్రత్తలు

ఒకటి, మతం అడగవద్దు. సహాయం తీసుకున్నవాడు మందిరానికి రావాలని ఎదురుచూడవద్దు. వస్తే సంతోషం. రాకపోతే మన ప్రేమ తగ్గకూడదు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నంతో పాటు షరతు పెట్టడం క్రీస్తు పద్ధతి కాదు.

రెండు, ఫొటోలు వద్దు. బియ్యం సంచి ఇస్తూ నలుగురు నిలబడి తీసిన ఫొటోలు ఆ రోజుల్లో మన వాట్సాప్ గ్రూపుల నిండా ఉండేవి. ఆ ఫొటో ఊళ్లో అతని కూతురు చూస్తే ఎలా ఉంటుంది?

మూడు, ఆ నోటుబుక్కు బయటికి పోకూడదు. భాష విని మనిషిని అనుమానించే రోజులివి. మాట బెంగాలీ అయితే చాలు, పరాయి దేశస్థుడేమోనని కాగితాలు అడుగుతున్నారు. సహాయం కోసం రాసిన పేరు వేటకు పనికిరాకూడదు. మా నోటుబుక్కు బీరువాలో ఉంటుంది, తాళం ఇద్దరి దగ్గరే.

ముగిస్తాం. ఆ అమ్మ ఇంకా మాతో ఉంది. ప్రతి నెలా మా పిల్లలు ఆమెకు పేర్లు మాత్రం చెప్తారు, ఊళ్లు, నంబర్లు చెప్పరు. ఆమె ఒక్కొక్క పేరు పలుకుతూ ప్రార్థన చేస్తుంది. ఒడియా పేర్లు ఆమె నోట తిరగవు, దేవునికి అర్థమవుతుందిలే అంటుంది. చివర్లో ఎప్పుడూ ఆ షెడ్ల వాళ్ల కోసం కూడా ప్రార్థిస్తుంది. పేర్లు లేవు కాబట్టి, "ప్రభువా, వాళ్లు నీకు తెలుసు, మాకు తెలియదు" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా మేము తల దించుకుంటాం.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ మందిరానికి ఎదురుగా, మీ ఆఫీసు వెనకాల, మీ ఇంటి మూలన ఉన్న సైటులో ఎవరున్నారు? ఇప్పుడు ఆపద ఏమీ లేదు, అందుకే ఇదే సమయం. వచ్చే ఆదివారం రోడ్డు దాటండి. ముందు మీ పేరు చెప్పండి, తర్వాత వాళ్ల పేరు అడగండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, అరణ్యంలో హాగరును పేరు పెట్టి పిలిచినవాడవు. మా ఎదుట ఉన్నవారిని చూడని మా కళ్లను క్షమించు. మా పితరులు నడిచిన దారి మాకు గుర్తు చేయి. ఆపద రాకముందే తలుపులు తెరిచే మనసు ఈ యౌవనస్థులకు దయచేయి. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.